ప్లేట్‌లెట్లు తగ్గాయని ఒంటికి ఎలా తెలుస్తుంది?

పోయిన ఏడాది సెప్టెంబర్‌లో వరసగా ఆరు రాత్రులు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కాకినాడలో అమ్మకి డెంగీ. అక్కడ పొద్దున్నే రక్తం తీస్తే తొమ్మిదింటికి రిపోర్ట్ వచ్చేది. అప్పుడు ఇక్కడ షార్లెట్‌లో మాకు రాత్రి పదకొండున్నర. తమ్ముడు పంపే మెసేజ్‌లో ఒక్క అంకె ఉండేది, అంతే. మొదటి రోజు లక్షా పది వేలు. రెండో రోజు డెబ్భై రెండు. మూడో రోజు నలభై ఒకటి. నాలుగో రోజు ఇరవై ఎనిమిది.

ఆ రాత్రి వాడు మెసేజ్ కాదు, ఫోనే చేశాడు. "అక్కా, ఇరవై ఎనిమిదికి వచ్చేసింది. వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కించమని పెదనాన్న వాళ్ళు గొడవ చేస్తున్నారు. డాక్టరు గారేమో ఇప్పుడు అక్కర్లేదు, చూద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

"అమ్మ ఎలా ఉందిరా?" అని అడిగాను.

"లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. నీరసంగా ఉందంటోంది. రక్తం ఎక్కడా కారట్లేదు."

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్ళ కిందట బీఎస్సీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. పెళ్ళయి అమెరికా వచ్చాక ఇల్లూ పిల్లలే నా లోకం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత చదువు గుర్తు తెచ్చుకుని ఒకటే ప్రశ్న పట్టుకున్నాను. అమ్మ ప్లేట్‌లెట్లు తగ్గాయని మాకు మిషన్ చెప్పింది. మరి అమ్మ ఒంటికి ఎవరు చెబుతారు? తయారీ పెంచమని ఆజ్ఞ ఎక్కడి నుంచి వెళ్తుంది? దాని జవాబు చదువుతుంటే డాక్టరు గారు "చూద్దాం" అని ఎందుకు అన్నారో అర్థమయింది. కొన్ని నెలల తర్వాత అదే జవాబు మా మావయ్యగారి విషయంలో మమ్మల్ని మేలుకొలిపింది. అందుకే ఈ వ్యాసం.

ముందు అంకెల గొడవ

మన ఇళ్ళల్లో సగం కంగారు యూనిట్ల వల్లే వస్తుంది. ఇండియాలో "1.5 లక్షలు" అంటారు. అమెరికా రిపోర్ట్‌లో అదే 150 అని ఉంటుంది, అంటే ఒక మైక్రోలీటర్ రక్తంలో 150 వేలు. బ్రిటన్, గల్ఫ్ రిపోర్టుల్లో లీటరుకి లెక్క కట్టి రాస్తారు, అయినా అక్కడా 150 అనే కనిపిస్తుంది. మూడూ ఒకటే. పెద్దవాళ్ళలో మామూలుగా ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా. ల్యాబుని బట్టి ఈ హద్దు కొద్దిగా మారుతుంది. "నాన్నగారికి 1.4 వచ్చింది, నాకు 210 వచ్చింది, నాకేమైనా ఎక్కువైపోయిందా" అని ఒక స్నేహితురాలు నన్ను నిజంగానే అడిగింది. ఆవిడ 210 అంటే రెండు లక్షల పది వేలు, నిక్షేపంగా ఉన్నట్టు.

రోజుకి పది వేల కోట్లు

ప్లేట్‌లెట్ పూర్తి కణం కాదు, ఒక పెద్ద కణం నుంచి ఊడిన ముక్క. ఎముకల లోపలి మజ్జలో మెగాకేరియోసైట్లు అనే భారీ కణాలుంటాయి. అవి మజ్జలోని రక్తనాళాల్లోకి పొడవాటి తీగల్లాంటి చేతులు చాపుతాయి. ఆ తీగలు తెగి, ముక్కలై, ప్లేట్‌లెట్లుగా రక్తంలో కలుస్తాయి. ఒక్కో మెగాకేరియోసైట్ వెయ్యికి పైగా ప్లేట్‌లెట్లను వదులుతుంది. ప్లేట్‌లెట్లు పుట్టేది ఈ కణాల నుంచేనని 1906లో బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ అనే వైద్యుడు చూపించాడు. ఈ రోజుకీ ల్యాబుల్లో రక్తపు చుక్కని గాజు పలకమీద పరిచి వేసే రంగుకి ఆయన పేరే ఉంది.

ఒక్కో ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం నుంచి పది రోజులు. అంటే ఉన్నవాటిలో పదో వంతు ప్రతిరోజూ పోతుంటాయి, అంతే కొత్తవి రావాలి. ఐదు లీటర్ల రక్తానికి లెక్కవేస్తే రోజుకి సుమారు పది వేల కోట్ల కొత్త ప్లేట్‌లెట్లు. ఇంత పెద్ద తయారీ నడుస్తున్నా ఆరోగ్యంగా ఉన్న మనిషి కౌంట్ ఏళ్ళ తరబడి దాదాపు ఒకే చోట నిలుస్తుంది. పగ్గం ఎవరి చేతిలోనో ఉండి తీరాలి.

ఆ పగ్గం ఒక హార్మోన్. పేరు థ్రాంబోపొయెటిన్, పొట్టిగా టీపీవో. ఇలాంటిది ఒకటి ఉండాలని ఊహించి 1958లోనే హంగరీలో ఎండ్రె కెలెమెన్ బృందం పేరు పెట్టింది. కానీ రక్తంలో అది ఎంత తక్కువగా ఉంటుందంటే, పట్టుకోవడానికి ఇంకో 36 ఏళ్ళు పట్టింది. ఎలుకల్లో ల్యుకేమియా తెచ్చే ఒక వైరస్‌ని చదువుతున్నవాళ్ళకి ముందు దాని రిసెప్టర్ దొరికింది. తాళం దొరికింది కాబట్టి తాళంచెవి ఎక్కడో ఉండాలని వెతికారు. 1994లో ఒకటి కాదు, అనేక బృందాలు దాదాపు ఒకేసారి టీపీవోని బయటపెట్టాయి.

ఈ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది లివర్‌లో. కిడ్నీల్లోనూ మజ్జలోనూ కొంత తయారవుతుంది. అది మజ్జని చేరి, అక్కడి మూలకణాలను మెగాకేరియోసైట్లుగా పెరగమని ప్రోత్సహిస్తుంది. దాని రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ప్లేట్‌లెట్లు మామూలులో ఆరో వంతు, ఏడో వంతుకి పడిపోయాయి.

అమ్మమ్మ అన్నం గిన్నె

ఎర్ర రక్తకణాల సంగతి తేలిక. వాటి హార్మోన్ కిడ్నీలో తయారవుతుంది, అక్కడ ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే ఏర్పాటు ఉంది. ఆక్సిజన్ తగ్గితే హార్మోన్ పెరుగుతుంది. మరి లివర్‌కి ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇదే. లివర్ వాటిని లెక్కపెట్టదు. దాదాపు రోజూ ఒకే మోతాదులో టీపీవో తయారుచేసి రక్తంలోకి వదిలేస్తుంది. ఆ తర్వాత లెక్క చూసుకునేది ప్లేట్‌లెట్లే.

సామర్లకోటలో మా అమ్మమ్మ వంట గుర్తొచ్చింది నాకు. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఆవిడ బియ్యం కొలత మార్చేది కాదు. జనం నిండుగా ఉన్న రోజు గిన్నె అడుగు కనిపించేది. జనం పలచబడిన రోజు అన్నం మిగిలేది. మిగిలిందంటే పక్కింటి పిల్లలకి కేక వెళ్ళేది, రండిరా తిందురుగాని అని. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అమ్మమ్మ ఏ రోజూ లెక్కపెట్టలేదు. గిన్నే చెప్పేది.

ఒంట్లోనూ అంతే. ప్రతి ప్లేట్‌లెట్ పైన టీపీవో రిసెప్టర్లు ఉంటాయి. ప్లేట్‌లెట్ ఆ హార్మోన్‌ని పట్టుకుని, లోపలికి లాక్కుని, అరిగించేసుకుంటుంది. ప్లేట్‌లెట్లు నిండుగా ఉంటే టీపీవో చాలావరకు ఖర్చయిపోతుంది, మజ్జకి చేరేది కొంచెమే, తయారీ నెమ్మదిస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతే తినేవాళ్ళు లేక టీపీవో రక్తంలో పేరుకుంటుంది. ఆ మిగులే మజ్జకి పిలుపు. మందుతో ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేసిన కుందేళ్ళలో 1995లో దీన్ని చక్కగా చూశారు. కౌంట్ దిగుతుంటే హార్మోన్ ఎక్కింది, కౌంట్ తిరిగి ఎక్కుతుంటే హార్మోన్ దిగింది. మధ్యలో బయటి నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే హార్మోన్ పడిపోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మావయ్యగారి కథకి అది కావాలి. టీపీవోని తినేది రక్తపు చుక్కలో కనిపించే ప్లేట్‌లెట్లు మాత్రమే కాదు, ఒంట్లో ఎక్కడ ఉన్నవైనా తింటాయి. మజ్జలోని మెగాకేరియోసైట్లు కూడా తింటాయి. ల్యాబ్ చూసేది చుక్కలోని సంఖ్యని. ఒళ్ళు చూసుకునేది మొత్తం సరుకుని.

ముసలి ప్లేట్‌లెట్ల కబురు

చాలాకాలం కథ ఇంతేననుకున్నారు. తర్వాత ఇంకో సంగతి తేలింది. లివర్ మరీ కళ్ళు మూసుకుని ఏమీ లేదు.

కొత్త ప్లేట్‌లెట్ ఒంటినిండా చక్కెర గొలుసులుంటాయి. వాటి చివర సయాలిక్ ఆసిడ్ అనే మూత ఉంటుంది. ప్లేట్‌లెట్ ముసలిదవుతున్నకొద్దీ ఆ మూతలు ఊడిపోతాయి. మూత ఊడిన ప్లేట్‌లెట్‌ని లివర్ కణాల మీదున్న ఆష్‌వెల్-మోరెల్ రిసెప్టర్ గుర్తుపట్టి లోపలికి తీసుకుంటుంది. తీసుకోగానే లివర్ కణం లోపల ఒక సంకేతం పుట్టి, టీపీవో తయారీని పెంచుతుంది. 2015లో ఈ లంకె బయటపడింది. పోయేవాళ్ళే తమ చోటుకి కొత్తవాళ్ళని పిలవమని చెప్పి వెళ్ళినట్టన్నమాట.

మూడో దారి కూడా ఉంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గాని వాపు గాని ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం పెరుగుతుంది. అది లివర్‌ని తట్టి టీపీవోని ఎక్కువ చేయిస్తుంది. న్యుమోనియా నుంచి కోలుకుంటున్న పిల్లవాడికి ప్లేట్‌లెట్లు ఐదారు లక్షలు రావడానికి ఇదొక కారణం. జబ్బు తగ్గాక కౌంట్ దానంతటదే దిగుతుంది.

అయితే అమ్మకి ఎందుకు పడిపోతూనే ఉంది?

హార్మోన్ పిలిస్తే మజ్జ వెంటనే పలకాలి కదా అనిపిస్తుంది. పలుకుతుంది, కానీ వంట ఉడకాలి. చిన్న మూలకణం మెగాకేరియోసైట్‌గా ముదిరి ప్లేట్‌లెట్లు వదలడానికి కొన్ని రోజులు పడుతుంది. టీపీవో లాగా పనిచేసే మందుని నేరుగా ఇచ్చినా కౌంట్ లేవడం మొదలయ్యేది నాలుగైదు రోజుల తర్వాతే. ఈ రోజు పొద్దున కనిపించే అంకె నాలుగైదు రోజుల కిందటి పరిస్థితికి అద్దం.

డెంగీలో వైరస్ మొదట్లో మజ్జ పనిని అణుస్తుంది, పైగా రక్తంలోని ప్లేట్‌లెట్లు కూడా త్వరగా నాశనమవుతాయి. సాధారణంగా జ్వరం వచ్చిన మూడు నాలుగు రోజుల నుంచి కౌంట్ దిగుతూ వారం లోపు అడుగుకి చేరుతుంది. ఈలోగా టీపీవో పేరుకుంటూ ఉంటుంది. వైరస్ తగ్గగానే మజ్జ లేస్తుంది, పిలుపు అప్పటికే సిద్ధంగా ఉంటుంది కాబట్టి కౌంట్ గబగబా ఎక్కుతుంది. బొప్పాయి ఆకు రసం, కివీ పండు, డ్రాగన్ ఫ్రూట్ వీటన్నిటికీ మంచిపేరు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నీళ్ళు తాగినవాళ్ళకీ ఎక్కేదే.

మరి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే నష్టమేమిటి? సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో డెంగీతో కౌంట్ ఇరవై వేలు, అంతకన్నా తక్కువకి వచ్చి, పెద్దగా రక్తస్రావం లేని పెద్దవాళ్ళ మీద ఒక పెద్ద పరీక్ష జరిపారు. ఫలితాలు 2017లో వచ్చాయి. ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినవాళ్ళకీ ఎక్కించనివాళ్ళకీ రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఎక్కించినవాళ్ళలో అలర్జీ లాంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. ఎక్కించినవి కూడా ఆ ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. రక్తం కారుతున్న మనిషి సంగతి వేరు. అప్పుడు ఎక్కించడం అవసరమవుతుంది, అది డాక్టరు చూసి నిర్ణయించే విషయం.

అయితే "దానంతటదే ఎక్కుతుందిలే" అని నిశ్చింతగా కూర్చోమని కాదు నేననేది. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ప్లేట్‌లెట్లు కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అదీ జ్వరం దిగి "హమ్మయ్య" అనుకునే రోజుల్లోనే. అందుకే ఆ రాత్రి తమ్ముడికి నేను చెప్పింది ఇంతే. "ఒరేయ్, అంకె సంగతి డాక్టరు గారు చూసుకుంటారు. నువ్వు అమ్మని చూడు. కడుపులో బాగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ళలో గాని ముక్కులో గాని రక్తం, నల్లటి విరేచనం, ఒళ్ళు చల్లబడటం, మత్తుగా గాని చిరాగ్గా గాని ఉండటం, మూత్రం తగ్గటం. వీటిలో ఏది కనిపించినా ఆ నిమిషమే నర్సుని పిలు."

ఐదో రోజు ఇరవై నాలుగు. ఆరో రోజు ముప్ఫై ఏడు. ఎనిమిదో రోజుకి తొంభై రెండు వేలు. ఏమీ ఎక్కించలేదు. ఆ "92" చూసి నేనూ మా వారూ అర్ధరాత్రి పాయసం చేసుకుని తిన్నాం.

మావయ్యగారి తొంభై రెండు

మూడు నెలల తర్వాత విశాఖపట్నం నుంచి మా మావయ్యగారు ఇక్కడికి బయలుదేరే ముందు మామూలు పరీక్షలు చేయించుకుని రిపోర్ట్ పంపారు. ప్లేట్‌లెట్లు 92 వేలు. అచ్చం అదే అంకె. "నాన్నగారికి ఎప్పుడూ తక్కువే, ఆయన ఒంటి తత్వం అంతే" అన్నారు మా వారు. అక్కడ చూసిన డాక్టరు కూడా ఏమీ అనలేదట.

నాకు మాత్రం అమ్మ అంకెలు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. అమ్మ ఒంట్లో టీపీవో పిలిచింది, మజ్జ పలికింది, నాలుగు రోజుల్లో కౌంట్ లేచింది. మావయ్యగారి కౌంట్ ఎందుకు లేవడం లేదు? ఆయన పాత రిపోర్టులన్నీ ఫోన్లో ఫోటోలు తీసి పంపమన్నాను. వరసగా రాసుకుంటే లక్షా నలభై రెండు, లక్షా ఇరవై ఒకటి, లక్షా ఐదు, తొంభై రెండు. నాలుగేళ్ళు, నాలుగు అంకెలు, ఒక్కసారీ పైకి రాలేదు. విడివిడిగా చూస్తే "కొంచెం తక్కువ". పక్కపక్కన పెడితే మెట్లు దిగుతున్నట్టుంది.

ఆయనకి ఇరవై ఏళ్ళుగా షుగరు. మందు ముట్టని మనిషి. ఎప్పుడో స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు, అందరికీ ఉండేదే అనుకుని వదిలేశారు. ప్రయాణం వాయిదా వేయించి లివర్ స్పెషలిస్టుకి చూపిస్తే లివర్ గట్టిపడి సిర్రోసిస్ దశకి వచ్చిందని తేలింది. ప్లీహం, మనం స్ప్లీన్ అంటాం, పెరిగి ఉంది. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు కనిపించాయి. అవి పగిలి ఉంటే రక్తపు వాంతి అయ్యేది. పగలకముందే వాటికి బ్యాండ్లు వేశారు. ఆయన విమానంలో ఉండగా అది జరిగి ఉంటేనో అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది.

అదే హార్మోన్ లెక్కతో ఇది కూడా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ప్లేట్‌లెట్లలో మూడో వంతు ప్లీహంలోనే మకాం ఉంటాయి. లివర్ గట్టిపడితే దానిలోకి వెళ్ళాల్సిన రక్తం వెనక్కి ఎగదన్ని ప్లీహం ఉబ్బుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ ప్లేట్‌లెట్లు అక్కడ చిక్కుకుంటాయి. చేతి నరంలోంచి తీసిన చుక్కలో అవి కనిపించవు. కానీ అవి టీపీవోని మాత్రం తింటూనే ఉంటాయి. ఒంటి లెక్కలో సరుకు సరిపడా ఉన్నట్టే, కాబట్టి పిలుపు గట్టిగా వెళ్ళదు. రెండోది, టీపీవో వండాల్సిన లివరే దెబ్బతింది. వంటమనిషికే జబ్బు చేస్తే గిన్నెలో మిగులు ఎక్కడిది? లివర్ మార్పిడి చేశాక చాలామందిలో టీపీవో పెరిగి, ఆ వెనకే ప్లేట్‌లెట్లు లేస్తాయి.

ఫ్యాటీ లివర్, షుగరు మన ఇళ్ళల్లో ఎంత మామూలో నేను చెప్పక్కర్లేదు. లివర్ లోపల గట్టిపడుతున్నా ఏళ్ళ తరబడి నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు. మెల్లగా దిగే ప్లేట్‌లెట్ కౌంట్ కొందరిలో మొదటి ఆనవాలు. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ కౌంట్ ఈ నాలుగూ కలిపి లివర్ ఎంత గట్టిపడి ఉండవచ్చో అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క డాక్టర్లు వాడుతున్నారు. ఏటా చేయించుకునే పరీక్షల్లో ఆ అంకెలు మామూలుగా ఉండేవే. మీ డాక్టర్ని అడిగితే రెండు నిమిషాల్లో చూసి చెబుతారు.

ఇంకో రెండు సందర్భాలు

ఐటీపీ అనే జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను శత్రువులనుకుని నాశనం చేస్తుంది. పిల్లల్లో వైరల్ జ్వరం తర్వాత వస్తే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. పెద్దల్లో ఎక్కువకాలం ఉంటుంది. ఇందులో కౌంట్ పది వేలున్నా టీపీవో మనం అనుకున్నంత పెరగదు. ఎందుకంటే కొత్త ప్లేట్‌లెట్లు వస్తూనే ఉంటాయి, హార్మోన్‌ని పట్టుకుంటూనే ఉంటాయి, దానితో సహా నాశనమవుతుంటాయి. అందుకే బయటి నుంచి ఆ పిలుపుని గట్టిచేసే మందులు ఇందులో పనిచేస్తాయి.

ఆ మందుల వెనక ఒక పాఠముంది. మొదట టీపీవోకి దగ్గరి పోలిక ఉన్న మందునే తయారుచేసి ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి ఇచ్చారు. కొందరి ఒంట్లో దానికి యాంటీబాడీలు పుట్టి, అవి వాళ్ళ సొంత టీపీవోని కూడా పనిచేయకుండా చేశాయి. వాళ్ళ ప్లేట్‌లెట్లు పడిపోయాయి. 1998లో ఆ ప్రయోగాలు ఆపేశారు. తర్వాత టీపీవోతో పోలికే లేకుండా, దాని రిసెప్టర్‌ని మాత్రం తట్టగల మందులు చేశారు. రోమిప్లోస్టిమ్ ఇంజెక్షన్‌కీ ఎల్ట్రాంబోపాగ్ మాత్రకీ 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎల్ట్రాంబోపాగ్ వేసుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో ఉంటే ఒక్క మాట. కాల్షియం, ఐరన్ దానితో కలిస్తే మందు ఒంటికి పట్టదు. పెరుగన్నం, మజ్జిగ, పాలు, కాల్షియం మాత్రలకి రెండు గంటల ముందు గాని, నాలుగు గంటల తర్వాత గాని వేసుకోవాలి. పెరుగు లేకుండా భోజనం ముగించని మనకి ఇది పెద్ద విషయమే.

రెండోది, కౌంట్ ఎక్కువ రావడం. మన ఆడవాళ్ళలో నాలుగున్నర, ఐదు లక్షలు వస్తే ముందు ఐరన్ చూడమనాలి. ఐరన్ తక్కువైనప్పుడు ప్లేట్‌లెట్లు పెరగడం మామూలు, ఐరన్ సరిచేస్తే దిగుతాయి. అలాకాక, ఏ కారణమూ లేకుండా కౌంట్ ఎక్కువగానే ఉండిపోతే జీన్ పరీక్ష చేస్తారు. టీపీవో రిసెప్టర్ దగ్గర గాని, దాని సంకేతాన్ని కణం లోపలికి మోసే జాక్-2 దగ్గర గాని మార్పు వస్తే, హార్మోన్ పిలవకపోయినా మజ్జ పిలిచినట్టే పనిచేస్తుంది. స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయినట్టు. దానివల్ల రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి వదిలెయ్యకూడదు.

మనం చేయగలిగేవి

ఇంట్లో వాళ్ళ రిపోర్టులన్నీ ఒకచోట తేదీల వారీగా రాసి పెట్టుకోండి. ఒక్క అంకె కన్నా అది ఎటు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా కౌంట్ హఠాత్తుగా బాగా తక్కువ వస్తే కంగారుపడకముందు తిరిగి చేయించండి. ఊదా మూత గొట్టంలోని రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, మిషన్ వాటిని లెక్కపెట్టలేదు. వేరే రసాయనమున్న గొట్టంలో తీసి, గాజు పలక మీద చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇండియా నుంచి తిరిగొచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ప్రయాణం సంగతి డాక్టరుకి మొట్టమొదట చెప్పండి. ఇక్కడి డాక్టర్లకి డెంగీ, మలేరియా వెంటనే తట్టకపోవచ్చు. ఆ జ్వరానికి అడ్విల్, మోట్రిన్, ఆస్పిరిన్ వేసుకోకండి, అవి ప్లేట్‌లెట్ల పనిని చెడగొడతాయి. టైలెనాల్, అంటే మన పారాసిటమాల్, చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు.

చర్మం మీద ఎర్రటి సూదిమొన చుక్కలు, తగలకుండానే కమిలిన మచ్చలు, ఆగని ముక్కు రక్తం కనిపిస్తే అంకె కోసం ఎదురుచూడకండి. వెంటనే చూపించుకోండి.

ఆఖరి మాట. దూరదేశంలో ఉన్న మనకి అమ్మానాన్నల ఆరోగ్యం ఫోన్లో వచ్చే అంకెగా మారిపోయింది. అంకె తెలియగానే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, చెయ్యకపోతే తప్పు చేసినట్టుంటుంది. అమ్మ విషయంలో ఏమీ చెయ్యకుండా గమనించడమే వైద్యమయింది. మావయ్యగారి విషయంలో ఏమీ చెయ్యకుండా నాలుగేళ్ళు గడపడమే పొరపాటయింది. అంకె ఇద్దరిదీ ఒకటే.

మావయ్యగారు ఇప్పుడు మందులు వాడుతూ, ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటూ ఉన్నారు. వచ్చే వేసవికి డాక్టరు సరేనంటే మా ఇంటికి వస్తారు. అమ్మ మాత్రం ఆ బొప్పాయి ఆకు రసం వల్లే బతికానని ఇప్పటికీ ఊరంతా చెబుతోంది. పోన్లే అని నేనూ ఊరుకున్నాను.